తిట్టు – ఔచిత్యం: తెలుగు సమాజ, సాహిత్య దృక్పథాల పరిశీలన

వ్యాససంగ్రహం

తిట్టు తెలుగు జనజీవనంలో నిత్యవ్యవహారం. అయినా తెలుగు భాషా పరిశోధనలో దానికి దక్కిన చోటు స్వల్పం. తిట్టును సంస్కారలోపంగా చూసి పక్కన పెట్టడం ఒక ధోరణి. సహజత్వం పేరుతో దానిని అన్ని వేళలా సమర్థించడం మరొక ధోరణి. ఈ రెండూ తిట్టు స్వభావాన్ని పూర్తిగా పట్టుకోలేవు. తిట్టు, బూతు, శాపం అనే పదాల అర్థభేదాలను, తిట్ల వ్యాకరణ నిర్మాణాన్ని, ఆలంకారికుల అశ్లీలదోష చర్చను, ఆచారాలలోను సాహిత్యంలోను తిట్టుకు లభించిన అనుమతిని, నేటి చట్టం గీసిన హద్దులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తిట్టు ఔచిత్యాన్ని నిర్ణయించడానికి రెండు ప్రమాణాలను ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తిట్టు, బూతు, శాపం, అశ్లీలం, ఔచిత్యం, అనుకరణం, అధికార సంబంధం.

1. ఉపోద్ఘాతం

"తిట్టను పోరా గాడిదా అన్నట్టు" అని తెలుగులో ఒక సామెత ఉంది. తిట్టనని మాట ఇస్తూనే తిట్టేసిన మనిషిని చూసి లోకం నవ్వుకున్న నవ్వు అది. తిట్టు పట్ల తెలుగువారి ద్వంద్వవైఖరి అంతా ఈ సామెతలో ఇమిడి ఉంది. తిట్టడం తప్పని అందరూ ఒప్పుకుంటారు. తిట్టకుండా ఉండగలిగిన వారు మాత్రం అరుదు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని బోధించిన జాతే "తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవు" అని కూడా అంగీకరించింది.

ఈ అంశం ఇప్పుడు చర్చకు రావలసిన అవసరం ఉంది. జానపద వాఙ్మయాన్ని సేకరించే పరిశోధకుడు బూతుమాట ఎదురైన చోట చుక్కలు పెడుతున్నాడు. నాటకపాఠం చెప్పే అధ్యాపకుడు కొన్ని సంభాషణలను చదవకుండా దాటవేస్తున్నాడు. ఆధునిక కవిత్వాన్ని విమర్శించే వ్యాసకర్త "పరుషపదజాలం" అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాడు. ఇలా తొలగించిన ప్రతిచోటా కొంత భాషాసమాచారం, దానితో పాటు కొంత సామాజిక చరిత్ర కనుమరుగవుతోంది. మరోవైపు, తిట్టును ఉన్నది ఉన్నట్టు తరగతిగదిలోకి తెచ్చినప్పుడు అది ఎదుట కూర్చున్న విద్యార్థిని గాయపరచే అవకాశమూ ఉంది. కాబట్టి తిట్టు ఎప్పుడు ఉచితం, ఎప్పుడు అనుచితం అనే ప్రశ్న నీతిశాస్త్రానికే పరిమితమైనది కాదు. పరిశోధన పద్ధతికీ బోధనకూ కూడా అది సంబంధించినదే.

2. తిట్టు, బూతు, శాపం: అర్థభేదాలు

వ్యవహారంలో ఈ మూడు మాటలనూ ఒకదాని స్థానంలో మరొకటి వాడుతుంటారు. శాస్త్రచర్చలో వీటిని వేరు చేయడం అవసరం.

తిట్టు ఒక క్రియ. ఎదుటివానిని తక్కువ చేయడం దాని ప్రయోజనం. "చవట", "దద్దమ్మ", "సన్నాసి" వంటివి తిట్లు. వీటిలో అశ్లీలత లేదు. బూతు పదస్వభావానికి సంబంధించినది. శరీరావయవాలను, లైంగికక్రియలను బాహాటంగా చెప్పే మాటను బూతు అంటారు. బూతుతో తిట్టవచ్చు, నవ్వించవచ్చు, పాట పాడవచ్చు. అంటే ప్రతి తిట్టూ బూతు కాదు, ప్రతి బూతూ తిట్టు కాదు. శాపం కోరికకు సంబంధించినది. ఎదుటివానికి కీడు జరగాలని పలుకు ద్వారా ఆశించడం శాపం. "శాపనార్థాలు పెట్టడం" అనే జాతీయం దీనినుంచి వచ్చినదే.

ఈ మూడింటి పక్కన దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు, సూటిపోటి మాటలు ఉన్నాయి. వీటిలో చెడ్డమాట ఒక్కటీ ఉండదు. అయినా కొన్ని తిట్లకంటే ఇవే లోతుగా గుచ్చుకుంటాయి. బాధ కలిగించే శక్తి కేవలం పదంలో లేదనడానికి ఇదే మొదటి నిదర్శనం.

3. తిట్ల నిర్మాణం

3.1 లోపించిన క్రియ: తెలుగు తిట్లలో విశేషంగా కనిపించే నిర్మాణం అసంపూర్ణవాక్యం. "నీ యమ్మ", "నీ యబ్బ", "నీ యవ్వ" వంటి వాటిలో కర్మపదం మాత్రమే ఉంటుంది. క్రియ లోపిస్తుంది. ఆ క్రియ ఏమిటో పలికినవాడికీ విన్నవాడికీ తెలుసు. చెప్పకుండా మింగివేసిన ఆ క్రియలోనే తిట్టు బలమంతా ఉంది. కాలక్రమంలో ఆ క్రియ జ్ఞాపకం కూడా చెరిగిపోయి, ఈ రూపాలు ఆశ్చర్యార్థకాలుగా మిగిలాయి. "నీ యవ్వ, ఏం ఎండరా ఇది!" అన్నప్పుడు అక్కడ తిట్టు తగిలే మనిషి ఎవరూ లేరు. ఇక్కడ తిట్టు సంబోధన స్థితినుంచి ఉద్వేగ ప్రకటన స్థితికి చేరింది.

3.2 ఆశీరర్థకం, శాపార్థకం: కీడు కోరడానికి తెలుగు ప్రత్యేకమైన క్రియారూపాన్ని ఏర్పరచుకోలేదు. మేలు కోరే రూపంతోనే కీడునూ కోరింది. "వర్ధిల్లుగాక", "నశించుగాక" అనే రెండింటి నిర్మాణం ఒక్కటే. వ్యవహారంలో "నీ నోరు పడిపోను", "నీ ఇల్లు గుల్లగాను" వంటి రూపాలు వినిపిస్తాయి. మాట పలకడమే ఒక పని చేయడమని జె. ఎల్. ఆస్టిన్ వాక్కర్మ సిద్ధాంతం చెబుతుంది. ఆ సిద్ధాంతాన్ని వెలువరించిన ఆయన ఉపన్యాసాలు 1962లో గ్రంథరూపం పొందాయి. శాపం విషయంలో ఈ భావన తెలుగువారికి కొత్తది కాదు. అసురసంధ్య వేళ చెడుమాట పలకరాదని, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని పెద్దలు హెచ్చరించడం వెనక ఉన్నది పలుకు జరిగి తీరుతుందన్న భయమే.

3.3 అర్థం అరిగిన తిట్లు: "నీ దుంప తెగ", "నీ అసాధ్యం కూల" అనేవి వాచ్యార్థంలో ఘోరమైన శాపాలు. నేటి వాడుకలో అవి మెచ్చుకోలు కలిసిన ఆశ్చర్యాలు. చిలిపి పని చేసిన మనవడిని చూసి అమ్మమ్మ అనే "ఓరి నీ దుంప తెగ" దీవెనకు దగ్గరగా ఉంటుంది. "వెధవ" నుంచి "వెధవాయి" ఏర్పడి ముద్దుమాటలలో చేరింది. రాయలసీమలో "నాకొడకా" అనే సంబోధన సన్నిహితుల మధ్య చనువుకు గుర్తు. అదే మాట పరాయివానిని ఉద్దేశించి అంటే కొట్లాటకు దారితీస్తుంది. పైకి "నా కుమారుడా" అన్న అర్థమే ఉన్నా, విన్నవాని తల్లి శీలాన్ని ఆక్షేపించే ధ్వని అందులో ఉండడమే కారణం.

3.4 తిట్లలోని జంతువులు: మానవశాస్త్రవేత్త ఎడ్మండ్ లీచ్ 1964లో జంతువర్గాలకూ తిట్లకూ గల సంబంధాన్ని చర్చించాడు. మనిషికి మరీ దూరంగా ఉన్న జంతువులకంటే ఇంటి పరిసరాలలో మెలిగే జంతువులే తిట్లుగా మారతాయన్నది ఆ చర్చలోని ఒక పరిశీలన. తెలుగు తిట్లు దీనికి చక్కగా సరిపోతాయి. కుక్క, గాడిద, పంది, దున్నపోతు తిట్లయ్యాయి. పులి, సింహం, ఏనుగు పొగడ్తలయ్యాయి. మనిషికి చాకిరీ చేసే జంతువే మనిషి నోట తిట్టుగా మారడం గమనించదగినది.

4. తిట్టులోని మూడో వ్యక్తి

తిట్టులో పైకి కనిపించేవారు ఇద్దరు: తిట్టేవాడు, తిట్టించుకునేవాడు. పదాల పుట్టుకను పరిశీలిస్తే మూడో వ్యక్తి కనిపిస్తుంది. "వెధవ" అనే మాట "విధవ" శబ్దభవం. "ముండ" అనే మాట శిరోముండనం చేయించిన వితంతువును సూచిస్తుంది. తల్లి పేరు ఎత్తే తిట్లన్నీ ఆ సందర్భంతో ఏ సంబంధమూ లేని స్త్రీని అవమానిస్తాయి. "చండాలుడు" వంటి మాటలు ఒక జనసముదాయాన్ని మొత్తంగా హీనపరుస్తాయి. "గుడ్డి", "కుంటి", "చెవిటి" అనేవి తిట్లుగా మారినప్పుడు వైకల్యమే నేరమవుతుంది. ఇద్దరు పురుషులు తిట్టుకుంటున్నప్పుడు దెబ్బ తగిలేది చాలాసార్లు అక్కడ లేని స్త్రీకి.

ఈ విషయాన్ని ఎత్తిచూపడానికి కన్యాశుల్కం మంచి ఉదాహరణ. 1897లో తొలిసారి అచ్చయి, 1909లో సమగ్రంగా తిరగరాయబడిన ఈ నాటకంలో అగ్నిహోత్రావధాన్లు నోరు తిట్ల పుట్ట. "వెధవ" అనే మాట అతని నోట అలవోకగా వెలువడుతుంది. అతని ఇంట్లోనే బాలవితంతువైన కూతురు బుచ్చమ్మ ఉంది. కూతురి దుఃస్థితికి పేరైన మాటే తండ్రి నోట నిత్యం తిట్టుగా పలుకుతున్నదన్న స్పృహ అతనికి ఉండదు. గురజాడ ఆ మాటను వేరే మాటతో శుద్ధిచేసి ఉంటే నాటక సంభాషణ సభ్యంగా ఉండేదేమో. కాని వైధవ్యాన్ని సమాజం ఎంత మామూలు విషయంగా మార్చుకుందో ప్రేక్షకునికి తెలిసేది కాదు. సంస్కరణ నాటకంలో ఆ తిట్టు అలంకారం కాదు, సాక్ష్యం.

5. ఆలంకారికుల దృష్టిలో అశ్లీలం

సంస్కృతాలంకారశాస్త్రం అశ్లీలాన్ని దోషాలలో చేర్చింది. వామనుడు, మమ్మటుడు మొదలైనవారు దానిని మూడు విధాలుగా విభజించారు. వ్రీడను కలిగించేది ఒకటి, జుగుప్సను కలిగించేది ఒకటి, అమంగళాన్ని సూచించేది ఒకటి. ఈ విభాగం నేటి చర్చకు కూడా ఉపకరిస్తుంది. బూతులు వ్రీడాకరాలు. మలమూత్రాది ప్రస్తావనలతో తిట్టేవి జుగుప్సాకరాలు. చావును, నాశనాన్ని కోరే శాపాలు అమంగళకరాలు. తెలుగు తిట్లను వర్గీకరించడానికి పరభాషా నమూనాలను వెదకవలసిన అగత్యం లేకుండా ఈ మూడు గదులు సిద్ధంగా ఉన్నాయి.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆలంకారికులు దోషాన్ని శాశ్వతమైన శిక్షగా విధించలేదు. వక్త మొదలైన వారి ఔచిత్యాన్ని బట్టి దోషం కూడా ఒక్కొక్కచోట గుణమవుతుందని మమ్మటుడు కావ్యప్రకాశ సప్తమోల్లాసంలో వివరించాడు. అధమపాత్ర నోట గ్రామ్యత దోషం కాదు. వైరాగ్యాన్ని బోధించే చోట జుగుప్సాకరమైన మాట దోషం కాదు. ఇంకొకరి మాటను అనుకరించి చెప్పేటప్పుడు ఏ దోషమూ దోషం కాదు. ఈ చివరి సూత్రం భాషాపరిశోధకునికి ఎంతో విలువైనది. ఒక మాటను ప్రయోగించడం వేరు, ఆ మాటను ఉదాహరించడం వేరు అనే వివేకం అందులో ఉంది.

11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ఔచిత్యాన్నే కావ్యానికి జీవితంగా నిలిపాడు. ఏ ఆభరణమైనా తగిన చోట ఉంటేనే అందమన్నది ఆయన వాదసారం. తిట్టు విషయంలో దీనిని ఇలా అన్వయించుకోవచ్చు. మాటను విడిగా తీసి సభ్యమా, అసభ్యమా అని తూచడం ఔచిత్యవిచారణ కాదు. ఎవరు, ఎవరిని, ఎవరి ఎదుట, ఏ ప్రయోజనంకోసం అన్నారని అడగడమే ఔచిత్యవిచారణ.

6. ఆచారం అనుమతించిన తిట్టు

సమాజం తిట్టును నిషేధించడంతోనే ఆగలేదు. కొన్ని వేళలను, కొన్ని చోట్లను దానికోసం కేటాయించింది.

6.1 వరుసలు: కొన్ని బంధుత్వాలలో అమర్యాదకు అనుమతి ఉంటుందని, దానికి కోపగించుకోరాదన్న నియమం కూడా ఉంటుందని ఎ. ఆర్. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో పరిహాస సంబంధాల గురించి రాస్తూ వివరించాడు. తెలుగువారి వరుసలలో బావ-మరదలు, బావ-బావమరిది, వదిన-మరదలు ఇలాంటివే. మామగారి ఎదుట పెదవి విప్పని మనిషి బావమరిదిని నోటికి వచ్చినట్టు అనగలడు. పెళ్లిలో బంతి భోజనాల వేళ వియ్యాలవారిని ఎద్దేవా చేస్తూ స్త్రీలు పాడే పాటలు ఈ అనుమతికి పరాకాష్ఠ. ఆ పాటకు కోపగించుకున్న వియ్యపురాలే నలుగురిలో చిన్నబోతుంది. బదులు పాట పాడిన వియ్యపురాలు గెలుస్తుంది. రెండు కుటుంబాల మధ్య ఉన్న అసలైన ఉద్రిక్తతకు ఇక్కడ పాట రూపంలో దారి దొరుకుతుంది.

6.2 జాతర: తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు రకరకాల వేషాలు ధరించి, బూతులు తిడుతూ మొక్కు చెల్లించుకోవడం ప్రసిద్ధమైన ఆచారం. నిత్యజీవితంలో నేరమైన పలుకు అక్కడ మొక్కు అవుతుంది. అయితే ఆ అనుమతికి కాలం ఉంది, వేషం ఉంది, స్థలం ఉంది. జాతర ముగిశాక అదే మాట అదే వీధిలో అంటే అది మొక్కు కాదు. ఆచారం తిట్టును విడిచిపెట్టలేదు, గిరి గీసి అందులో నిలిపింది.

6.3 భక్తి: దైవాన్ని తిట్టడం తెలుగు భక్తిసాహిత్యంలో నిందాస్తుతిగా ప్రసిద్ధికెక్కింది. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం ఈ కోవలోనివి. చెరసాలలో ఉన్న రామదాసు తాను చేయించిన నగలను లెక్కపెట్టి రాముణ్ని నిలదీసిన కీర్తన లోకవిదితం. ఆ కీర్తనలోనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని, కోపగించవద్దని వేడుకోలు కూడా ఉంది. తిట్టు, దానికి కారణం, దానికి క్షమాపణ మూడూ ఒకే రచనలో ఉన్న అరుదైన సందర్భమిది. బాధ భరించలేని స్థితిలో, తనకంటే బలవంతుని ఎదుట పలికిన పరుషవాక్కును తెలుగు సమాజం తప్పుగా చూడలేదు. భక్తిగా పాడుకుంది.

7. సాహిత్యంలో తిట్టు

తిట్టుకవిత్వం తెలుగు సాహిత్యచరిత్రలో ఒక ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందింది. వేములవాడ భీమకవి పేరుతో ప్రచారంలో ఉన్న కథలలో కవి నోటి తిట్టు రాజ్యాలను కూల్చగలదు. చారిత్రకంగా ఆ కథలు నిలుస్తాయా లేదా అనే విచారణ ఎలా ఉన్నా, అవి ఒక నమ్మకాన్ని తెలుపుతాయి. సైన్యం లేని కవికి మాటే ఆయుధం. ఇవ్వని దొరను కవి తిట్టడం వెనక ఉన్న తర్కం అదే. కవిచౌడప్ప తన శతకంలో నీతితో పాటు బూతుకూ చోటిచ్చి, సభారంజనానికి రెండూ కావాలనే వైఖరిని నిస్సంకోచంగా ప్రకటించాడు.

ఇక్కడ ఒక వివేచన అవసరం. చౌడప్ప పద్యాలు చాటువులుగా పండితుల నోళ్లలో నిలిచాయి. 18వ శతాబ్దిలో తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని రాధికాసాంత్వనం మాత్రం వేరే గతి పట్టింది. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరణలో 1910లో వెలువడిన ఆ ప్రబంధాన్ని ఆంగ్లప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. అందులో ఉన్నది శృంగారం, తిట్టు కాదు. వర్ణన విషయంలో దానికి తీసిపోని ప్రబంధాలను రచించిన పురుషకవుల పట్ల ఉన్న సహనం ముద్దుపళని విషయంలో కరవయింది. అసభ్యతను కొలిచే కొలబద్ద మాటను మాత్రమే కాక, మాట్లాడిన మనిషిని కూడా కొలుస్తుందని ఈ ఉదంతం రుజువు చేస్తుంది.

ఆధునిక కవిత్వంలో తిట్టును సిద్ధాంతపూర్వకంగా చేపట్టినవారు దిగంబరకవులు. 1965, 1966, 1968 సంవత్సరాలలో వెలువడిన వారి మూడు సంపుటాలు సాహిత్యలోకంలో పెద్ద అలజడి రేపాయి. ఆ సంపుటాలను రిక్షా కార్మికుడు, హోటల్ కార్మికుడు, భిక్షకురాలు ఆవిష్కరించారు. సభ్యసమాజం తన హింసను మర్యాదమాటల చాటున దాచుకుంటుందని, ఆ తెరను చించడానికి మర్యాద పనికిరాదని వారి వాదం. ఆ వాదంలో బలం ఉంది. అయితే వ్యవస్థను తిట్టడానికి వారు ఎన్నుకున్న ఉపమానాలలో స్త్రీశరీరం, వేశ్య పదేపదే రావడం గురించి తరువాతి విమర్శ ప్రశ్నించింది. తిట్టు లక్ష్యం న్యాయమైనదే కావచ్చు. తిట్టులోని మూడో వ్యక్తికి జరిగే అన్యాయం దానితో రద్దు కాదు.

తిట్టును తిప్పికొట్టిన మరో చారిత్రక సందర్భం మాదిగ దండోరా ఉద్యమం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆరంభమైన ఆ ఉద్యమంలో కార్యకర్తలు తమ పేర్ల చివర "మాదిగ" అనే మాటను చేర్చుకున్నారు. శతాబ్దాలుగా పరుల నోట తిట్టుగా పలికిన కులనామం తమ నోట బిరుదుగా మారింది. మాట మారలేదు, పలికే హక్కు చేతులు మారింది. అదే మాటను ఇతరులు తిట్టుగా వాడితే నేరమవుతుంది. ఒకే పదం ఒకచోట గౌరవం, మరొకచోట నేరం కావడం వైరుద్ధ్యంగా తోచవచ్చు. వక్తృ ఔచిత్యాన్ని అంగీకరించిన శాస్త్రానికి ఇందులో వైరుద్ధ్యం లేదు.

8. చట్టం గీసిన హద్దు

భారత శిక్షాస్మృతి 294వ సెక్షన్ బహిరంగస్థలంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీలమైన పాట పాడడాన్ని, మాట పలకడాన్ని నేరంగా పరిగణించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నిబంధన 296వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మూడు నెలల వరకు ఖైదు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని శిక్షగా విధించవచ్చు.

అయితే మొరటుతనం వేరు, అశ్లీలత వేరు అనే భేదాన్ని సర్వోన్నత న్యాయస్థానం పలుమార్లు స్పష్టం చేసింది. సమరేశ్ బోస్ బెంగాలీ నవలకు సంబంధించిన 1985 నాటి తీర్పులో ఈ భేదం కనిపిస్తుంది. 2014లో అవీక్ సర్కార్ వ్యాజ్యంలో, విడి అంశాన్ని బట్టి కాక సమకాలీన సమాజ ప్రమాణాలను బట్టి అశ్లీలతను నిర్ణయించాలని న్యాయస్థానం పేర్కొంది. 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్‌కు సంబంధించిన కేసులో, తిట్లూ మొరటు మాటలూ తమంత తాముగా అశ్లీలత కావని తీర్పు చెప్పింది. సందర్భాన్ని చూడమనే ఈ దృష్టి ఔచిత్యవాదానికి దూరమైనది కాదు.

ఒక విషయంలో మాత్రం చట్టం మరింత కఠినంగా ఉంది. 1989 నాటి షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ప్రజలకు కనిపించే చోట ఆ వర్గాల వ్యక్తిని కులం పేరుతో దూషించడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొంది. ఇక్కడ చట్టం శిక్షించేది అశ్లీలతను కాదు, అవమానాన్ని. కులం పేరులో వ్రీడాకరమైన అక్షరం ఒక్కటీ లేదు. ఆ మాట వెనక నిలిచిన అధికారమే దానిని ఆయుధంగా మార్చింది.

9. ఔచిత్యానికి రెండు ప్రమాణాలు

పై పరిశీలన నుంచి రెండు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది ప్రతివచనాధికారం. తిట్టించుకున్న వ్యక్తికి అదే స్థాయిలో బదులు చెప్పే వీలు ఉందా? బావమరదుల మధ్య ఉంది. వియ్యపురాండ్ర మధ్య ఉంది. జాతరలో ఉంది. కవి దొరను తిట్టినప్పుడు, భక్తుడు దేవుణ్ని తిట్టినప్పుడు తిట్టించుకున్నవాడు తిట్టినవానికంటే బలవంతుడు. కాబట్టి ఈ సందర్భాలలో తిట్టుకు సమాజం అంగీకారం తెలిపింది. యజమాని పాలేరును, అధికారి కింది ఉద్యోగిని, గురువు శిష్యుణ్ని, భర్త భార్యను తిట్టినప్పుడు బదులు చెప్పే దారి మూసుకుపోతుంది. అక్కడ "చవట" అనే తేలికమాట కూడా అనుచితమే. స్నేహితుల మధ్య ఘోరమైన బూతు కూడా చనువుగా చెల్లడానికి, పై అధికారి నోట చిన్నమాట కూడా అవమానం కావడానికి ఇదే కారణం.

రెండోది పరోక్షవ్యక్తి ప్రమాణం. తిట్టులోని పదం అక్కడ లేని ఎవరిని గాయపరుస్తోంది? స్నేహితులిద్దరూ ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుని నవ్వుకోవచ్చు. వారిద్దరికీ బదులు చెప్పే అధికారం ఉంది. ఆ తల్లులకు లేదు. మొదటి ప్రమాణంలో నెగ్గిన తిట్టు రెండో ప్రమాణంలో ఓడిపోవచ్చు. దిగంబరకవుల విషయంలో వచ్చిన విమర్శ ఈ రెండో ప్రమాణానికి చెందినదే.

ఈ రెండు ప్రమాణాలకూ ఒక ఆక్షేపణ రావచ్చు. మనిషి కోపంలో, బాధలో అప్రయత్నంగా తిట్టినప్పుడు ఇన్ని తూకాలు సాధ్యమా అని. సాధ్యం కాదు. గడప తగిలి కాలివేలు చితికినవాడు వెలువరించే మాటకు ఔచిత్యవిచారణ అనవసరం. ఎదుట మనిషి ఉన్నప్పుడే ఆ విచారణ మొదలవుతుంది. అప్రయత్నంగా వచ్చిన తిట్టుకైనా ఏ మాట ముందుగా నోటికి వస్తుందన్నది ఆ సమాజం ఎవరిని చులకన చేసిందో చెబుతూనే ఉంటుంది.

10. పరిశోధన, బోధన

జానపద సామగ్రిని సేకరించే పరిశోధకుడు బూతును చుక్కలతో నింపడం శాస్త్రీయం కాదు. పాడిన స్త్రీకి లేని సిగ్గును ఆమె పాటమీద రుద్దడమే అవుతుంది. అనుకరణంలో దోషం లేదన్న మమ్మటుని సూత్రం ఇక్కడ పరిశోధకునికి రక్ష. అదే సమయంలో పాట ఎక్కడ, ఏ వేళ, ఎవరి మధ్య పాడారో నమోదు చేయడం అతని బాధ్యత. వియ్యపురాలి పాటను పెళ్లిపందిరి నుంచి విడదీసి పేజీమీద ఒంటరిగా నిలబెడితే అది వట్టి బూతుగానే మిగులుతుంది. సందర్భాన్ని నమోదు చేయని సేకరణ, మాటను తొలగించిన సేకరణ ఒకే రకమైన లోపానికి రెండు రూపాలు.

తరగతిగది పరిస్థితి కొంత భిన్నమైనది. అనుకరణసూత్రం అధ్యాపకునికి కూడా వర్తిస్తుంది. కాని అతడు అధికారస్థానంలో ఉన్నాడు. పాఠ్యాంశంలోని కులదూషణను అతడు గట్టిగా చదివినప్పుడు, ఆ కులానికి చెందిన విద్యార్థి చెవికి అది ఉదాహరణగా కాక, పాత అవమానపు ప్రతిధ్వనిగా వినిపించవచ్చు. నలుగురూ నవ్వితే ఆ గాయం రెట్టింపవుతుంది. పాత సామెతల సంపుటాలను బోధించేటప్పుడు ఈ సమస్య తరచుగా ఎదురవుతుంది. దీనికి పరిష్కారం పాఠాన్ని దాటవేయడం కాదు. ఆ మాట చరిత్రను ముందుగా చెప్పి, అది ఎవరి నోట ఎవరిమీద పలికిందో వివరించి, ఆపైన పాఠంలోకి వెళ్లడం. కన్యాశుల్కంలో "వెధవ" అనే మాట వచ్చినప్పుడు నవ్వి వదిలేసిన తరగతికీ, ఆ మాట వెనక బుచ్చమ్మను చూసిన తరగతికీ ఆ నాటకం ఒక్కటి కాదు.

11. ముగింపు

తెలుగు సమాజం తిట్టును ఏనాడూ పూర్తిగా నిషేధించలేదు, పూర్తిగా అనుమతించనూ లేదు. వరుసలో, జాతరలో, పెళ్లిలో, భక్తిలో, కవిత్వంలో దానికి హద్దులు గీసి చోటు కల్పించింది. ఆ హద్దులను నిర్ణయించినది పదం కాదు, మనుషుల మధ్య ఉన్న సంబంధం. ఆలంకారికులు దీనిని వక్త మొదలైన వారి ఔచిత్యమన్నారు. నేటి న్యాయస్థానాలు సందర్భమంటున్నాయి. బదులు చెప్పగలిగిన వానితో పరిహాసంగా, తనకంటే బలవంతుని ఎదుట నిరసనగా పలికిన తిట్టుకు సాహిత్యం చోటిచ్చింది. బదులు చెప్పలేని వానిమీద విసిరిన తిట్టు ఎంత సభ్యమైన పదాలతో ఉన్నా హింసే.

తెలుగు తిట్లను ప్రాంతాలవారీగా, వర్గాలవారీగా, స్త్రీపురుష భేదాన్ని అనుసరించి సేకరించి, వాటి వాడుక సందర్భాలతో సహా నిఘంటువుగా కూర్చవలసిన అవసరం ఉంది. ఆ నిఘంటువు బూతుల పట్టిక కాదు. తెలుగువారు ఏయే కాలాలలో ఎవరిని గౌరవించారో చెప్పే గ్రంథాలు మనకు చాలా ఉన్నాయి. ఎవరిని తక్కువ చేశారో చెప్పే ఆధారాలు మాత్రం తిట్లలోనే భద్రంగా ఉన్నాయి.